తీర్పు రాయని ముగింపు

వేసవి సెలవులు ముగిసి బడి తెరిచిన మొదటి వారం. సెలవుల్లో ఎవరు ఏం చదివారో అడిగి ఆ తరువాతే పాఠం మొదలుపెట్టడం నా అలవాటు. పదో తరగతిలో చదివామన్నవాళ్ళు ఇద్దరో ముగ్గురో. చూశామన్నవాళ్ళు తరగతి మొత్తం. చూసినవాటిలో ఎక్కువమంది నోట వినిపించిన పేరు 'హిట్' మూడో భాగం. పెద్దలకు మాత్రమేనని సెన్సారు వారు ముద్ర వేసిన చిత్రం పదిహేనేళ్ళ పిల్లలు ఎలా చూశారని అడగడం అమాయకత్వం. ఇంట్లో ఫోను ఉంది, ఫోనులో అన్నీ ఉన్నాయి. వెనక బల్ల మీది కుర్రాడొకడు లేచి, "మాస్టారూ, చంపినోణ్ణి పోలీసోళ్ళు చంపేత్తే తప్పేంటండీ? కోర్టుకెళ్తే ఆడు బెయిలు మీద బయటికొచ్చేత్తాడు కదండీ" అన్నాడు. తరగతి చప్పట్లు కొట్టింది. ఆ పూట నేను వాడికి చెప్పిన జవాబు నాకే తృప్తి కలిగించలేదు. ఆ జవాబును సరిచేసుకునే ప్రయత్నమే ఈ వ్యాసం.

సాహిత్య పత్రికలో సినిమా చర్చ ఏమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. అందులోనూ నేరపరిశోధన సినిమా. మన విమర్శకులు నేరకథను ఎప్పుడూ గుమ్మం బయటే నిలబెట్టారు. డిటెక్టివ్ నవలను కాలక్షేపమని తోసేశాం. కాని మనం తోసేసిన చోటనే జనం కూర్చున్నారు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు గారి షాడో చదవకుండా అక్షరాల మీద ప్రేమ పెంచుకున్న తెలుగువాడు నా తరంలో అరుదు. అమలాపురంలో అద్దె పుస్తకాల కొట్టు నుంచి రోజుకొకటి తెచ్చుకుని, పాఠ్యపుస్తకం మధ్యలో పెట్టుకుని చదివినవాణ్ణి నేను. తెలుగు ఎం.ఏ. చదివినా ఆ రుచి పోలేదు. కనుక నేను నేరకథకు శత్రువును కాను. నేరకథ మంచిదా చెడ్డదా అన్నది నా ప్రశ్న కాదు. అది తన ముగింపులో ఏం చేస్తున్నదన్నదే నా ప్రశ్న.

ముగింపు అన్ని కథలకూ ముఖ్యమే. నేరకథకు మాత్రం అది బాకీ తీర్చే చోటు. మొదటి పేజీలో ఒక శవాన్ని చూపించి రచయిత మన దగ్గర అప్పు చేస్తాడు. ఎవరు చంపారో చెబుతానంటాడు. ఉత్తమ రచయిత పైకి చెప్పకుండా మరో రెండు మాటలు కూడా ఇస్తాడు: ఎందుకు చంపవలసి వచ్చిందో చెబుతాను, చంపినవాడి గురించి మనం ఏమనుకోవాలో ఆలోచింపజేస్తాను. మొదటిది పరిశోధన, రెండోది సమాజం, మూడోది తీర్పు. ఈ మూడూ తీరితేనే బాకీ తీరినట్టు.

ఇది పరాయి సూత్రం కాదు. మన భాషలో నేరమూ, పోలీసూ, కోర్టూ అన్నీ ఉన్న గొప్ప రచన 'కన్యాశుల్కం'. 1897లో తొలి కూర్పు, 1909లో పెంచి రాసిన కూర్పు వచ్చాయి. అందులో లుబ్ధావధాన్లు మీద పడినది హత్యానేరం. పెళ్ళికూతురు మాయమైంది, మొగుడే చంపాడన్నారు. కాని చచ్చినవాళ్ళెవరూ లేరు. పెళ్ళికూతురు అసలు పెళ్ళికూతురే కాదు, ఆడవేషం వేసుకున్న శిష్యుడు. హత్యే లేని హత్య కేసు పెట్టి, గురజాడ ఆ కేసు చుట్టూ ఉన్న మనుషులందరినీ, వారి లంచాలనూ, దొంగసాక్ష్యాలనూ బోనెక్కించాడు. ముగింపులో నిజం చెప్పి నిర్దోషిని విడిపించేది ఒక వేశ్య. ఆ తరువాత రావిశాస్త్రి. విశాఖపట్నంలో వకీలుగా పని చేసిన ఆయన 'ఆరు సారా కథలు'లో మద్యనిషేధ చట్టం ఎవరి మెడకు చుట్టుకుంటుందో, ఎవరి జేబులు నింపుతుందో చూపించాడు. ఆ కథలు ముగిసేసరికి నేరస్తుడెవరన్న ప్రశ్న మన చేతుల్లో కొత్తగా బరువెక్కి ఉంటుంది. ఇంత ఆస్తి ఉన్నవాళ్ళం మనం. ఆ కొలబద్దతోనే ఇప్పటి కథను కొలుస్తాను.

శైలేష్ కొలను రచించి దర్శకత్వం వహించిన 'హిట్' తొలి భాగం 2020 ఫిబ్రవరి 28న వచ్చింది. హిట్ అంటే హోమిసైడ్ ఇంటర్వెన్షన్ టీమ్, హత్యలు జరగకముందే అడ్డుపడే పోలీసు జట్టు అని కల్పన. 2022 డిసెంబరు 2న రెండో భాగం, 2025 మే 1న మూడో భాగం వచ్చాయి. ఒక్కో భాగానికి ఒక్కో నాయకుడు, ఒక్కో ఊరు. ముందు కథ చివర మొలిచిన కొమ్మ తరువాతి కథ అవుతుంది. టెలివిజన్ నేర ధారావాహికలు ఏనాటి నుంచో వాడుతున్న ఈ పద్ధతిని తెలుగులోకి శ్రద్ధగా తెచ్చిన ఘనత ఈ దర్శకుడిది. దాన్ని కాదనను.

మొదటి భాగంలో హైదరాబాదు అవుటర్ రింగు రోడ్డు మీద ప్రీతి అనే అమ్మాయి కారు ఆగిపోతుంది. ఆ తరువాత ఆమె కనిపించదు. ఆమెను చివరిగా చూసినవాళ్ళలో ఇబ్రహీం అనే పోలీసు ఇన్‌స్పెక్టరు ఒకడు, అనుమానం అతని మీదనే పడుతుంది. పరిశోధించే విక్రమ్ రుద్రరాజు స్వయంగా మనసు గాయపడినవాడు. నిప్పును చూస్తే వణికిపోతాడు. విష్వక్ సేన్ ఆ భయాన్ని అతి చేయకుండా నటించాడు. ఒక్కొక్క అనుమానం లేవడం, నిలబడటం, కూలిపోవడం మనం ఓపికగా చూస్తాం. జాడ చివరికి పోలీసు శాఖ గడప లోపలికే వస్తుంది. ముగింపులో హడావుడి ఉంది, కారణం చెప్పడంలో తొందర ఉంది. అయినా ఒక విలువ మిగిలింది: పోలీసు కూడా ప్రశ్నించదగినవాడే. పరిశోధన అంటే కొట్టి ఒప్పించడం కాదు, తెలుసుకోవడం.

రెండో భాగం విశాఖపట్నంలో నడుస్తుంది. అడివి శేష్ పోషించిన కృష్ణదేవ్ అనే ఎస్.పి. నేరస్తులవి కోడిబుర్రలని తేలిగ్గా మాట్లాడేవాడు. ఒక యువతి శవం దొరుకుతుంది. తల మాత్రమే ఆమెది, మిగిలిన అవయవాలు వేరే స్త్రీలవని తేలినప్పుడు అతని గర్వం దిగుతుంది. ఇంతవరకూ కథ బాగుంది. ముగింపులో హంతకుడి కారణం బయటపడినప్పుడు నాకు మొదటిసారి మనసు చివుక్కుమంది. ఇంటి హింసకు గురైన ఆడవాళ్ళకు అండగా నిలబడినవారి మీద ఒక కొడుకు పెంచుకున్న పగ అది. సమాజంలో నిజంగా ఉన్న పగ. స్త్రీ నోరు విప్పితే ఇల్లు కూలిందనేవాళ్ళు మన వీధిలోనే ఉన్నారు. చిత్రం ఆ పగను పట్టుకుంది గాని, దాన్ని ఒక పిచ్చివాడి చిన్ననాటి గాయంగా కుదించి, నాలుగు నిమిషాల గతంలో చెప్పేసి చేతులు దులుపుకుంది. సామాజిక వ్యాధిని వ్యక్తి వ్యాధిగా మార్చడం ఇక్కడే మొదలైంది. ఏటిగట్టుకు బుంగ పడింది ఇక్కడే.

గట్టు తెగింది మూడో భాగంలో.

నేను ఆ చిత్రాన్ని విడుదలైన వారానికి అమలాపురంలో చూశాను. మేడే నాడు విడుదలైన చిత్రం. హాలు నిండుగా ఉంది. నాని పోషించిన అర్జున్ సర్కార్ రెండో భాగం చివర తొంగిచూసిన పాత్ర. కథ పునాది బలమైనదే. జమ్మూకశ్మీరులో ఒక హత్య. అదే తీరు హత్యలు దేశంలో మరికొన్ని చోట్ల. వాటి వెనక సి.టి.కె. అనే రహస్య ముఠా. అంతర్జాలపు చీకటి గదుల్లో కలుసుకునే మనుషుల సంఘం అది. అందులో చేరాలంటే ఒక మనిషిని చంపి, ఆ చంపడాన్ని చిత్రించి పంపాలి. అదే సభ్యత్వ రుసుము. ముఠాను పట్టుకోవడానికి అర్జున్ సర్కార్ ఆ రుసుము చెల్లించి లోపలికి వెళతాడు. అంటే పోలీసు అధికారి ఒకడు చిత్రహింస పెట్టి చంపి, దాన్ని కెమెరాలో పట్టి పంపుతాడు.

ఒక రచయితకు ఇంతకన్నా గొప్ప వస్తువు దొరకదు. దీనిలోనుంచి రెండు ప్రశ్నలు పుడతాయి. ఒకటి: దేశంలో వేర్వేరు చోట్ల ఉండే, పగటిపూట మామూలుగా బతికే మనుషులు రాత్రి ఒంటరిగా తెర ముందు కూర్చుని హత్యను వినోదంగా ఎందుకు చూస్తున్నారు? వారిని అంత ఒంటరివాళ్ళుగా, అంత రక్తదాహం గలవాళ్ళుగా తయారుచేసిన వ్యవస్థ ఏది? రెండు: నేరాన్ని పట్టుకోవడానికి నేరం చేసినవాడు ఆ తరువాత ఎవరు? పోలీసా, సభ్యుడా?

చిత్రం మొదటి సగంలో ఈ రెండు ప్రశ్నల నీడలూ ఉన్నాయి. అర్జున్ చేసిన హత్యల జాడ పట్టుకుని తోటి అధికారిణి వర్ష పరిశోధించే భాగంలో మంచి నాటకం ఉంది. పోలీసు మీద పోలీసు పరిశోధన. ఆ దారాన్ని చివరిదాకా లాగి ఉంటే ఈ వ్యాసం ప్రశంసావ్యాసం అయ్యేది. కాని విరామం తరువాత కథ అరుణాచల్ ప్రదేశ్ కొండల్లోని ముఠా స్థావరానికి చేరుతుంది. అక్కడినుంచి పరిశోధన ఆగిపోతుంది, నరకడం మొదలవుతుంది. 'ఎవరు' అన్న ప్రశ్న పోయి 'ఎంతమంది' అన్న లెక్క మిగులుతుంది. ముఠా సభ్యులు ఒక్కొక్కరూ ఏ ఊరివారో, ఏ పని చేసుకునేవారో, ఎందుకిలా అయ్యారో మనకు తెలియదు. తెలిస్తే వాళ్ళు మనుషులవుతారు, మనుషులైతే నరకడం కష్టమవుతుంది. అందుకే వాళ్ళను ఆల్ఫా అనే నాయకుడి చుట్టూ చేరిన రాక్షసమూకగా ఉంచారు. రెండో భాగపు నాయకుడు సాయానికి వస్తాడు, హాలు ఈల వేస్తుంది. ఆఖరున తమిళ నటుడు కార్తి తొంగిచూస్తాడు. అది నాలుగో భాగానికి ప్రకటన. బాకీ తీర్చవలసిన చోట కొత్త అప్పుపత్రం రాశారు.

శిల్పం గురించి న్యాయంగా చెప్పాలి. సాను జాన్ వర్గీస్ ఛాయాగ్రహణం మంచును, రక్తాన్ని ఎదురెదురు నిలబెట్టిన తీరు సమర్థమైనది. నాని శ్రమ కనిపిస్తుంది. పక్కింటి కుర్రాడుగా పేరుపడ్డ నటుడు కరకుదనాన్ని తెచ్చుకోవడానికి కష్టపడ్డాడు. కాని శిల్పం ఎంత పదునైనదైతే వస్తువు చేసే పని అంత లోతుగా దిగుతుంది. కత్తి పదును మెచ్చుకునేటప్పుడు అది ఎవరి మెడ మీద ఉందో చూడాలి కదా.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ నిరాశపరచింది మరొకటి. సి.టి.కె. సభ్యులు హత్యా దృశ్యాలను చూసి ఆనందించేవాళ్ళు. ఆ రాత్రి హాలులో మేము ఏం చేస్తున్నాం? మెడలు తెగుతుంటే ఈలలు వేశాం. దర్శకుడి చేతిలో అద్దం ఉంది. దాన్ని ఒక్కసారి మావైపు తిప్పి ఉంటే ఆ ఈలలు గొంతులో ఆగిపోయేవి. తిప్పలేదు. తిప్పితే పెట్టిన డబ్బు రాదేమోనన్న భయం. పెట్టుబడి ముగింపును రాసేటప్పుడు రచయిత కలం పక్కకు జరగడమంటే ఇదే.

ఇది తెలుగు జాడ్యం మాత్రమే అనుకుంటే పొరపాటు. అమెరికా టెలివిజన్‌లో 2006 నుంచి 2013 వరకు ఎనిమిది భాగాలుగా 'డెక్స్టర్' అనే నేర ధారావాహిక నడిచింది. నాయకుడు మయామీ పోలీసుల దగ్గర రక్తపు మరకలు పరీక్షించే నిపుణుడు. రాత్రిళ్ళు హంతకులను వేటాడి చంపుతాడు. హంతకులను మాత్రమే చంపాలన్నది పెంపుడు తండ్రి నేర్పిన నియమం. ఇక్కడి అర్జున్ సర్కార్‌కు దూరపు దాయాది అన్నమాట. ఆఖరి భాగంలో అతను శిక్ష తప్పించుకుని అడవుల్లో కలప కొట్టేవాడిగా మిగిలిపోతే ప్రేక్షకులు మండిపడ్డారు. ఎనిమిదేళ్ళకు, 2021 నవంబరులో, ఆ తప్పు దిద్దుకోవడానికన్నట్టు 'డెక్స్టర్: న్యూ బ్లడ్' అనే పది భాగాల కొమ్మకథ వచ్చింది. న్యూయార్కు రాష్ట్రంలోని ఒక మంచు పల్లెలో మారుపేరుతో బతుకుతున్న డెక్స్టర్ దగ్గరికి ఎదిగిన కొడుకు హారిసన్ వస్తాడు. తండ్రి తన నియమాన్ని కొడుక్కు నేర్పుతాడు.

2022 జనవరి 9న ప్రసారమైన ఆఖరి భాగంలో డెక్స్టర్ పట్టుబడతాడు. తప్పించుకోవడానికి లోగన్ అనే పోలీసును చంపుతాడు. ఆ లోగన్ ఏ నేరమూ చేయనివాడు, హారిసన్‌ను ఆదరించినవాడు. అంటే నియమం అబద్ధం. తన ప్రాణం మీదికి వచ్చేసరికి నిర్దోషినీ చంపగలిగినవాడికి నియమం ఒక ముసుగు మాత్రమే. ఆ మాట కొడుకు తండ్రి ముఖం మీదనే చెప్పి తుపాకి పేలుస్తాడు. ఆలోచనగా చూస్తే ఇది గొప్ప ముగింపు. కాని తొమ్మిది భాగాలు నింపాదిగా నడిచిన కథ ఈ తీర్పునంతా ఒక్క గంటలో కుక్కింది. కొడుకు మనసు తిరగడానికి చాలినంత చోటు ఇవ్వలేదు. ప్రేక్షకులు మళ్ళీ నిరాశపడ్డారు. తీర్పు సరైనదే, విచారణ చాలలేదు. అంతకన్నా విషాదం తరువాత జరిగింది. 2025 జులైలో మొదలైన మరో కొమ్మకథలో డెక్స్టర్ చావలేదని చెప్పి లేపి కూర్చోబెట్టారు. రాసిన ఒక్క తీర్పునూ మార్కెట్ కొట్టేసింది.

అక్కడ తీర్పు తొందరగా రాశారు, ఆపైన చెరిపారు. మన మూడో భాగంలో తీర్పు అసలు రాయలేదు. రాయవలసిన అవసరం ఉందని కూడా తోచలేదు. నాయకుడు చేసిన హత్యల మీద ఒక్క విచారణ లేదు, అతని మనసు మీద ఒక్క గాటు లేదు. మొదటి భాగంలో నిప్పును చూసి వణికిన పోలీసుకు, మూడో భాగంలో నెత్తురులో తడిసి చలించని పోలీసుకు మధ్య అయిదేళ్ళ దూరం. ఆ అయిదేళ్ళలో మారింది కథ మాత్రమేనా, చూసే మనమా?

"సినిమాను సినిమాగా చూడండి మాస్టారూ, పురాణాల నుంచీ నాయకుడు రాక్షసుల్ని చంపుతూనే ఉన్నాడు" అంటారు. పురాణంలో రాక్షసుణ్ణి చంపినవాడు ప్రభుత్వ జీతం తీసుకునే అధికారి కాడు. అర్జున్ సర్కార్ పేరులోనే సర్కారు ఉంది. ఈ నేల మీద ఆ కథ కథగా ఆగడం లేదు. 2019 నవంబరు 27న శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలిపై ఘోరం జరిగింది. మన గుండెలన్నీ మండాయి, మండవలసిందే. డిసెంబరు 6న నలుగురు నిందితులను చటాన్‌పల్లి దగ్గర పోలీసులు కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ సంఘం నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని ఆ సంఘం తేల్చింది. పూలు చల్లినవాళ్ళలో ఎందరు ఆ నివేదిక గురించి విన్నారు?

ఎన్‌కౌంటర్ అన్న మాట తెలుగువాళ్ళకు నిన్న మొన్నటిది కాదు. ఎమర్జెన్సీ తరువాత 1977లో తార్కుండే సంఘం ఈ రాష్ట్రపు ఎదురుకాల్పుల కథలను పరిశీలించింది. కన్నబిరాన్, బాలగోపాల్ వంటివారు జీవితాలు ఖర్చుపెట్టి అడిగింది ఒక్కటే: చంపిన పోలీసు మీద కూడా కేసు పెట్టి విచారించండి, ఆత్మరక్షణ అయితే కోర్టులో చెప్పనివ్వండి. 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ వాదంలోని న్యాయాన్ని ఒప్పుకుంది. ఇదంతా మన చరిత్ర. దీన్ని ఎరగని కథ ఈ నేల మీద పోలీసు కథ రాయడానికి పూనుకుంటే, అది తెలియక చేసిన తప్పయినా ఫలితం ఒకటే. చట్టం దాటి చంపడాన్ని జనానికి అలవాటు చేయడమే ఆ ఫలితం. అలవాటైన జనం రేపు తమ వాకిట్లోకి అదే తుపాకి వచ్చినప్పుడు ఏమని అడుగుతారు?

ఆ కుర్రాడి ప్రశ్నకు తిరిగి వస్తాను. వారం తరువాత అదే తరగతిలో నేను వాడికి వరద గురించి చెప్పాను. 1986 ఆగస్టులో గోదావరి గట్లు తెగి కోనసీమ లంకలు, పల్లెలు మునిగిన సంగతి వాడి తాతకు బాగా తెలుసు. "గట్టు ఎవరి కోసంరా?" అని అడిగాను. "పల్లంలో ఉన్నోళ్ళ కోసమండీ" అన్నాడు. మెరకలో మేడ కట్టుకున్నవాడికి గట్టు తెగినా గుమ్మం తడవదు. చట్టమూ అంతే. డబ్బూ పలుకుబడీ ఉన్నవాడు మెరకలో ఉన్నాడు, వాణ్ణి ఏ పోలీసూ రాత్రిపూట కొండల్లోకి తీసుకుపోడు. విచారణ, సాక్ష్యం, వకీలు అనే మట్టికట్ట అండ ఉన్నది పల్లంలో ఉన్నవాడికే. అది నెర్రెలిచ్చింది, నిజమే. బెయిళ్ళు అమ్ముడుపోతున్నాయన్న వాడి కోపంలో నిజం ఉంది. గట్టు నెర్రెలిస్తే బస్తాలు వేసి నిలబెడతారు గాని, పలుగు పెట్టి తవ్వరు. వాడు ఒప్పుకున్నాడో లేదో తెలియదు. "మరి సినిమాలో అలా చూపిత్తే ఎవరు చూత్తారండీ?" అని మాత్రం అడిగాడు.

ఆ ప్రశ్న నాది కాదు. అది రచయితలది. ఇప్పుడు తెరలకు కథలు రాస్తున్నవాళ్ళలో మన కథలు చదివి పెరిగినవాళ్ళు ఉన్నారు, మన సభల్లో కూర్చున్నవాళ్ళు ఉన్నారు. వారికి నా మనవి: నేరకథ రాయండి. భయపెట్టండి, ఉత్కంఠ పెట్టండి, మలుపులు తిప్పండి. హత్యే లేని హత్య కేసుతో గురజాడ జనాన్ని కూర్చోబెట్టగలిగాడు. సారా సీసాల కథలతో రావిశాస్త్రి చదువరిని నవ్వించి, ఆ నవ్వు మధ్యలోనే చెంప చెళ్ళుమనిపించాడు. చూసేవాళ్ళు లేరన్నది సాకు. చివరి పేజీకి వచ్చినప్పుడు మాత్రం మీ నాయకుణ్ణి కూడా బోనెక్కించండి. శిక్ష వేయకపోయినా ఫరవాలేదు, ఒక్క ప్రశ్న అడగండి.

నాలుగో భాగం రానున్నదని మూడో భాగం చివరనే చెప్పారు. వస్తే చూస్తాను. మా తరగతి కూడా చూస్తుంది. ఆ కుర్రాడు ఈసారి ఏం అడుగుతాడన్నది ఆ ముగింపు రాసేవాడి చేతిలో ఉంది.